పన్ను ఎక్స్‌రే మీద యంత్రం గీసే గీతకు విలువెంత?

పన్ను నొప్పని వెళ్తే డాక్టరు ముందు ఆర్‌వీజీ, అంటే చిన్న డిజిటల్ ఎక్స్‌రే, తీస్తారు. వేలెడంత సెన్సర్ నోట్లో పెట్టి మీట నొక్కగానే ఎదురుగా తెర మీద పన్ను బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చేస్తుంది. కొన్ని క్లినిక్‌లలో ఇప్పుడు పని అక్కడితో ఆగడం లేదు. కొన్ని క్షణాల్లో అదే బొమ్మ మీద రంగు గీతలు పడుతున్నాయి. ఇక్కడ పుచ్చు, ఇక్కడ ఎముక కరిగింది, ఈ వేరు కొసన చీము ఉండొచ్చు అంటూ. గీసింది డాక్టరు కాదు, ఏఐ సాఫ్ట్‌వేర్. తెర రోగి వైపు తిప్పి ఉంటే రోగి కూడా చూస్తాడు. బూడిద రంగు మచ్చల్లో ఏమీ అర్థంకాని మనిషికి ఎర్ర గీత మాత్రం వెంటనే అర్థమవుతుంది. దాని బలమూ అదే, దానితో వచ్చే చిక్కూ అదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మచ్చల్ని గుర్తుపట్టడంలో యంత్రం సాయం నిజమైనది, కొలిచి చూపించదగ్గది. కానీ మచ్చ కనబడటం వేరు, పన్ను తొలవాలని నిర్ణయించడం వేరు. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల ప్రకటనల్లో ఈ రెండూ ఒకటైపోతాయి. విడదీసి చూస్తే తప్ప ఆ గీత విలువ తేలదు.

అసలు ఎక్స్‌రేలో ఏముంటుంది?

రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనిపెట్టింది 1895 నవంబరులో. మూడు నెలలు తిరక్కుండానే, 1896 జనవరిలో, జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఒట్టో వాల్‌ఖోఫ్ అనే దంతవైద్యుడు తన పళ్లకే ఎక్స్‌రే తీసుకున్నాడు. కదలకుండా 25 నిమిషాలు ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు సెకనులో చిన్న భాగం చాలు. ఒక చిన్న పన్ను ఎక్స్‌రేతో ఒంటికి తగిలే రేడియేషన్ కొద్ది మైక్రోసీవర్ట్‌లు మాత్రమే. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సహజంగా తగిలేది ప్రపంచ సగటున 2,400 మైక్రోసీవర్ట్‌లు. కాబట్టి ఒక్క ఆర్‌వీజీకి భయపడాల్సిందేమీ లేదు. అవసరం లేకుండా పదే పదే తీయకూడదన్న నియమం మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

ఇన్నేళ్లలో మారనిది ఒకటుంది. ఎక్స్‌రే అంటే నీడే. గట్టి పదార్థం కిరణాలను ఆపేస్తుంది కాబట్టి తెల్లగా పడుతుంది, మెత్తనిదీ ఖాళీదీ నల్లగా పడుతుంది. ముందూ వెనకా ఉన్నవన్నీ ఒకే పొరలో కలిసిపోతాయి. పన్ను ముందువైపు ఎముక కరిగినా, వెనకవైపు ఎముక గట్టిగా ఉంటే ఆ నీడలో ఇది దాక్కుంటుంది. పుచ్చు కూడా మొదలైన రోజే కనబడదు. ఖనిజంలో దాదాపు 30 నుంచి 40 శాతం పోయాకే నీడలో తేడా కంటికి ఆనుతుందని దంతవైద్య కళాశాలల్లో చెబుతారు.

దీనికి తోడు మోసపు నీడలుంటాయి. పన్ను మెడ దగ్గర, ఎనామిల్ అనే గట్టి పైపొర అయిపోయి ఎముక ఇంకా మొదలుకాని సన్నని చోట కిరణాలు సులువుగా దూసుకెళ్లి నల్లటి పట్టీ పడుతుంది. అది అచ్చం పుచ్చులా ఉంటుంది, కానీ పుచ్చు కాదు. కింది దవడలో నరం బయటికి వచ్చే రంధ్రం చిన్న దవడపళ్ల వేరు కొసన పడితే చీముగడ్డలా కనబడుతుంది. కింది ముందుపళ్ల వేర్ల దగ్గర, ముఖ్యంగా నడివయసు ఆడవాళ్లలో, సిమెంటో ఆసియస్ డిస్‌ప్లేసియా అనే మార్పు వస్తుంది. తొలిదశలో దాని నీడకూ చీముగడ్డ నీడకూ తేడా చెప్పడం కష్టం. అక్కడ పన్ను బతికే ఉంటుంది, రూట్ కెనాల్ అక్కర్లేదు. ఆ సంగతి తేలేది ఎక్స్‌రేలో కాదు. పన్నుకి చల్లదనం తగిలించి, జివ్వుమందా లేదా అని అడిగితే తేలుతుంది. ఏ సాఫ్ట్‌వేర్‌కీ ఆ జివ్వుమనడం వినబడదు.

ఇలాంటి నీడల మీద మనుషులకే ఏకాభిప్రాయం కుదరదు. ఒకే ఎక్స్‌రే నలుగురు డాక్టర్లకు చూపిస్తే నాలుగు మాటలు వినాల్సి రావొచ్చు. దాన్ని మోసం అనుకునేవాళ్లు చాలామంది. అన్నిసార్లూ కాదు. ఆ నీడలో నిజంగానే సందిగ్ధం ఉంటుంది. ఏఐ రంగంలోకి దిగింది ఈ సందులోంచే.

యంత్రానికి ఎవరు నేర్పారు?

కంప్యూటర్‌కి ఎక్స్‌రే అంటే అంకెల పట్టిక. ప్రతి చుక్కకీ అది ఎంత నలుపో చెప్పే ఒక అంకె. పాతకాలపు సాఫ్ట్‌వేర్‌లలో ‘ఇంతకన్నా నల్లగా ఉంటే పుచ్చు’ వంటి నియమాలు మనుషులే రాసేవారు. అవి మొదటి మోసపు నీడకే బోల్తా పడేవి. 2012 తర్వాత బొమ్మల్ని గుర్తించే పద్ధతే మారిపోయింది. నియమాలు రాయడం మానేసి, వేల బొమ్మల్ని జవాబులతో సహా చూపించి, లోపలి లెక్కల్ని యంత్రమే సవరించుకునేలా చేశారు. 2015లో ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు యూ-నెట్ అనే నిర్మాణాన్ని ప్రకటించారు. జీవవైద్య చిత్రాల కోసమే తయారైంది అది. బొమ్మలో ఏముందో చెప్పడమే కాదు, ఏ చుక్క దేనికి చెందుతుందో కూడా విడదీస్తుంది. ఇది పన్ను, ఇది ఎముక, ఇది పుచ్చు అని. పన్ను ఎక్స్‌రేల మీద పనిచేసే చాలా పరిశోధనలకు అదే పునాది.

జవాబులతో సహా చూపించారు అన్నాం కదా, ఆ జవాబులు రాసిందెవరు? డాక్టర్లే. ఎక్స్‌రే చూసి, ఇదిగో పుచ్చు అని వేలు పెట్టి గీసినవాళ్లే. పన్ను పీకి, కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే తప్ప అసలు నిజం తెలియదు. బతికున్న మనుషుల పళ్లతో అది కుదరదు. కాబట్టి ఇద్దరు ముగ్గురు నిపుణులు చూసి, తేడా వస్తే మాట్లాడుకుని, తేల్చిన మాటనే ‘నిజం’గా తీసుకుంటారు. యంత్రం నేర్చుకునేది ఆ మాటనే. జవాబు పత్రంలోనే తప్పుంటే బాగా చదివిన పిల్లాడు ఆ తప్పుని కూడా బాగా నేర్చుకుంటాడు. నూటికి ఇంత కచ్చితం అని ప్రకటనలో కనబడితే, దేనితో పోల్చి కచ్చితం అని అడగాల్సిన అవసరం ఇందుకే.

బెర్లిన్ లెక్కలు

ఈ రంగంలో తరచూ ఉదహరించే పరిశోధన బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి వాళ్లది, 2020లో వచ్చింది. 3,686 బైట్‌వింగ్ ఎక్స్‌రేలు తీసుకున్నారు. బైట్‌వింగ్ అంటే చిన్న రెక్కలాంటి దాన్ని పళ్లతో కరిచి పట్టుకుంటే పై పళ్లూ కింది పళ్లూ ఒకే బొమ్మలో పడే ఎక్స్‌రే. రెండు పళ్ల నడుమ దాగిన పుచ్చుకి అది సరైన సాధనం. నలుగురు దంతవైద్యులు పుచ్చుల్ని గుర్తుపెట్టారు, యంత్రం వాటి నుంచి నేర్చుకుంది. తర్వాత వేరే ఎక్స్‌రేల మీద యంత్రానికీ ఏడుగురు దంతవైద్యులకూ పరీక్ష పెట్టారు.

ఉన్న పుచ్చుల్లో యంత్రం 75 శాతం పట్టుకుంది. డాక్టర్ల సగటు 36 శాతం. ఆ ఏడుగురిలో ఒకరు 19 శాతమే పడితే మరొకరు 65 శాతం పట్టారు. మనుషుల మధ్య ఎంత తేడా ఉంటుందో ఇక్కడే తెలిసిపోతుంది. ఇక బాగున్న పన్నుని బాగుందని చెప్పడంలో డాక్టర్లు 91 శాతం, యంత్రం 83 శాతం. రెండో అంకె గురించి ఎక్కువమంది మాట్లాడరు. మాట్లాడాలి.

ఊరికే లెక్క కోసం అనుకుందాం. వెయ్యి పళ్లున్నాయి, వాటిలో వందకి పుచ్చు ఉంది. యంత్రం ఆ వందలో 75 పట్టుకుంటుంది. మిగిలిన 900 మంచి పళ్లలో 17 శాతానికి, అంటే 153 పళ్లకి, లేని పుచ్చు ఉందంటుంది. మొత్తం 228 గీతలు పడతాయి, నిజమైనవి 75. మూడింట ఒకటి. మరి డాక్టర్లో? వందలో 36 పట్టుకుంటారు, 900లో 81 మంచి పళ్లని అనుమానిస్తారు. మొత్తం 117 అనుమానాల్లో నిజమైనవి 36. అది కూడా మూడింట ఒకటికి కాస్త తక్కువే.

అంటే ఒక్కో గీత విషయంలో యంత్రం మాట డాక్టరు మాట కన్నా గొప్పగా నమ్మదగ్గదేమీ కాదు. అది ఎక్కువ గీతలు గీస్తుంది. కాబట్టి ఎక్కువ నిజాలూ దొరుకుతాయి, ఎక్కువ అబద్ధాలూ దొర్లుతాయి. ఈ ఊహా లెక్కలో అదనంగా దొరికిన నిజమైన పుచ్చులు 39, అదనపు అబద్ధాలు 72. పుచ్చులు అరుదుగా ఉన్న నోళ్లలో ఈ నిష్పత్తి ఇంకా పాడవుతుంది. ప్రాథమిక పాఠశాల స్థాయి హెచ్చవేతే ఇది, అయినా తెర మీద ఎర్ర గీత చూస్తున్నప్పుడు ఎవరికీ గుర్తురాదు.

బెర్లిన్ నుంచి లక్నోకి

మన దేశానికి నేరుగా సంబంధించిన పరిశోధన మరొకటుంది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఇదే. 2021లో అదే షారిటే బృందం వేరు కొసన వచ్చే మచ్చల్ని ఓపీజీల్లో, అంటే మొత్తం దవడ ఒకేసారి పడే ఎక్స్‌రేల్లో, గుర్తించేలా యంత్రానికి నేర్పింది. నేర్పడానికి వాడినవి బెర్లిన్ బొమ్మలు. పరీక్ష మాత్రం రెండు చోట్ల బొమ్మలతో పెట్టారు, కొన్ని బెర్లిన్‌వి, కొన్ని లక్నోలోని కింగ్ జార్జ్ మెడికల్ యూనివర్సిటీవి. వదిలేసినవాటినీ తప్పుగా గుర్తించినవాటినీ కలిపి తూచే ఎఫ్1 అనే కొలమానంలో యంత్రానికి బెర్లిన్‌లో 54.1 శాతం వచ్చింది. లక్నోలో 32.7కి పడిపోయింది.

ఎవరికైనా మొదట తట్టేది ఎక్స్‌రే మెషిన్ తేడా. అక్కడి మెషిన్ ఖరీదైనది, ఇక్కడిది నాసిరకం అనుకుంటాం. పరిశోధకులూ ఆ అనుమానంతోనే రెండుచోట్ల బొమ్మల నలుపు తెలుపుల తీరుని ఒకే మట్టానికి తెచ్చి చూశారు. ఏమీ మెరుగుపడలేదు. తేడా పళ్లలో ఉంది. రూట్ కెనాల్ అయిన పళ్లు, ఫిల్లింగ్‌లు ఉన్న లక్నో బొమ్మల్లో యంత్రం బాగానే పనిచేసింది. అవేవీ లేని లక్నో బొమ్మల్లో చతికిలబడింది.

నాకు అర్థమైనంతలో కారణం ఇది. వైద్యం అందుబాటులో ఉన్న ఊళ్లో పాడైన పన్నుకి ఏదో ఒక చికిత్స జరిగే ఉంటుంది. కాబట్టి వేరు కొసన మచ్చ ఉన్న పన్ను మీద ఫిల్లింగో, వేరు లోపల రూట్ కెనాల్ తెల్ల గీతో తరచుగా కనబడతాయి. యంత్రానికి రోగం అంటే తెలియదు. ఏది దేనితో కలిసి వస్తుందో మాత్రమే తెలుసు. ఆ తెల్లని గుర్తులు దానికి ఆనవాళ్లయిపోయి ఉంటాయి. డాక్టరు మొహమే చూడని నోట్లో ఆ ఆనవాలు దొరకదు.

మన పల్లెల్లో పిప్పిపన్నుతో, లవంగం నూనెతో ఏళ్ల తరబడి నెట్టుకొచ్చేవాళ్ల నోళ్లు సరిగ్గా ఆ రెండో రకానివే. యంత్రం సాయం ఎక్కువగా అవసరమైనవాళ్ల దగ్గరే అది తడబడే ప్రమాదం ఉందన్నమాట. దీనికి మందు కూడా అదే పరిశోధనలో ఉంది. నేర్పే బొమ్మల్లో లక్నోవి కలుపుతూ పోతే లక్నో ఫలితం 46.1 దాకా పెరిగింది, బెర్లిన్ ఫలితం 50.9కి కాస్త తగ్గింది. బయటి నుంచి తెచ్చిన సాఫ్ట్‌వేర్‌ని హైదరాబాదులోనో విజయవాడలోనో వాడేముందు ఇక్కడి పళ్ల మీద పరీక్షించారా అన్న ప్రశ్న అందుకే వెయ్యాలి. ఇంకో సంగతి. పుచ్చుల పరిశోధనల్లో చాలావాటికి ఆధారం బైట్‌వింగ్‌లు. మన క్లినిక్‌లలో ఎక్కువగా తీసేది ఒకటి రెండు పళ్లు వేరుతో సహా పడే ఐఓపీఏ, లేదంటే ఓపీజీ. బైట్‌వింగ్ మీద వచ్చిన అంకెల్ని వాటికి అంటగట్టడం కుదరదు.

కనబడ్డ ప్రతిదాన్నీ తొలవాలా?

షారిటే వాళ్లే 2021లో మరో ప్రయోగం చేశారు. ఇరవై పైచిలుకు దంతవైద్యుల చేత కొన్ని బైట్‌వింగ్‌లు ఏఐ సాయంతో, కొన్ని అది లేకుండా చదివించారు. ఏఐ తోడుంటే పుచ్చుల్ని పట్టుకోవడం 72 నుంచి 81 శాతానికి పెరిగింది. పెరిగిందంతా ముఖ్యంగా ఎనామిల్‌లో ఉన్న తొలిదశ మచ్చల దగ్గరే. మంచిదే. దానితోపాటు పన్ను తొలిచి చేసే చికిత్సలవైపు మొగ్గడమూ పెరిగింది. ఇది మంచిది కాదు.

ఎందుకంటే ఎనామిల్ దాటని మచ్చకి తొలిచే మర పెట్టక్కర్లేదు. ఫ్లోరైడ్ పూత, తీపి తగ్గించడం, పళ్ల సందుల శుభ్రం, కొన్ని నెలల తర్వాత మళ్లీ చూడటం. ఇవి చాలు, చాలా మచ్చలు అక్కడే ఆగిపోతాయి. మచ్చ ఎనామిల్ కింద ఉండే డెంటిన్ పొరలోకి దిగి, పన్ను పైన గుంట పడ్డాకే ఫిల్లింగ్ సంగతి. ఫిల్లింగ్ కూడా శాశ్వతం కాదు. కొన్నేళ్లకి ఊడితే ఈసారి ఇంకాస్త పెద్దది పెట్టాలి, తర్వాత క్యాప్, నరం దాకా పోతే రూట్ కెనాల్, చివరికి పీకడం. తొందరపడి తొలిచిన పన్ను ఈ మెట్లు తొందరగా దిగుతుంది. ఏఐ వల్ల ఖర్చు తగ్గి పళ్లు ఎక్కువకాలం నిలుస్తాయని జర్మనీలో వేసిన ఒక లెక్క ఉంది. తొలిదశ మచ్చలకి మర పెట్టకుండా వైద్యం చేస్తేనే ఆ లాభం చేతికొస్తుందని అందులోనే చెప్పారు.

వివాదం తక్కువున్న పనులు

కొన్ని పనుల్లో ఏఐ గురించి ఇంత గుంజాటన అక్కర్లేదు. సీబీసీటీ అనే త్రీడీ స్కాన్‌లో ప్రతి పన్నునీ, దవడ ఎముకనీ, కింది దవడలో నడిచే నరం కాలవనీ విడివిడిగా గీసుకోవడం చేత్తో చేస్తే గంటల పని. ఇంప్లాంట్ వేసేముందు, జ్ఞానదంతం తీసేముందు ఆ నరం ఎంత దూరంలో ఉందో తెలియాలి. తగిలితే పెదవి తిమ్మిరెక్కిపోతుంది. చైనాలో 15 కేంద్రాల నుంచి 4,215 మంది స్కాన్‌లతో చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. పళ్లనీ ఎముకనీ విడదీసే పని మనుషులకన్నా 500 రెట్లు వేగంగా పూర్తయిందని అందులో తేలింది. పళ్లకి కమ్మీలు కట్టేముందు తీసే పక్కవైపు తల ఎక్స్‌రేలో గుర్తు బిందువులు పెట్టడమూ అలాంటిదే. అక్కడ 2 మిల్లీమీటర్ల తేడా దాకా ఫరవాలేదన్న కొలబద్ద ఉంది, తప్పు జరిగితే డాక్టరు కంటికి వెంటనే కనబడుతుంది. చిగుళ్ల జబ్బులో ఎముక ఎన్ని మిల్లీమీటర్లు కరిగిందో కొలవడం కూడా ఈ కోవలోదే. కొలతల్లో యంత్రం అలిసిపోదు, సాయంత్రం ఆఖరి రోగి దగ్గర కూడా పొద్దున్నలాగే కొలుస్తుంది.

గీత వెనక డబ్బు

అమెరికాలో ఓవర్‌జెట్ అనే కంపెనీకి ఎముక మట్టం కొలిచే సాఫ్ట్‌వేర్ విషయంలో 2021లో అక్కడి మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. పెర్ల్ కంపెనీ ‘సెకండ్ ఒపీనియన్’కి 2022లో వచ్చింది. ఇవన్నీ డాక్టరుకి సాయంగా వాడటానికే, డాక్టరు బదులు కాదు. ఓవర్‌జెట్ సాఫ్ట్‌వేర్‌ని దంతవైద్యులే కాదు, బీమా కంపెనీలు కూడా వాడతాయి. క్లినిక్‌లో ఆ గీత ‘ఇదిగో చికిత్స కావాలి’ అనడానికి పనికొస్తుంది. బీమా ఆఫీసులో ‘ఎముక అంత కరగలేదు, ఈ బిల్లు ఇవ్వం’ అనడానికీ పనికొస్తుంది. రెండు చోట్లా తీర్పు మనిషిదే. పేరు మాత్రం యంత్రానిది.

మన దగ్గర దంతవైద్యానికి చాలామంది సొంత జేబులోంచే కడతారు కాబట్టి బీమా వైపు ఒత్తిడి తక్కువ, అమ్మకం వైపు ఒత్తిడి ఎక్కువ. 2020 ఏప్రిల్ నుంచి వైద్య అవసరాలకు వాడే సాఫ్ట్‌వేర్ కూడా మన చట్టంలో వైద్య పరికరమే, మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ పరిధిలోకి వస్తుంది. ఎక్స్‌రే మెషిన్ సంగతి అణుశక్తి నియంత్రణ మండలి చూస్తుంది. 2023 డేటా రక్షణ చట్టం రోగి డిజిటల్ సమాచారాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. ఎక్స్‌రేని క్లౌడ్‌లోని సాఫ్ట్‌వేర్‌కి పంపితే అది ఎక్కడికి పోతుందో, కొత్త యంత్రాలకి నేర్పడానికి దాన్ని వాడుకుంటారో లేదో రోగి అడగొచ్చు. అడిగేవాళ్లు తక్కువ.

తెర మీద గీత చూపించి చికిత్స చెప్పినప్పుడు వేయదగ్గ ప్రశ్నలు కొన్నే. మచ్చ ఎనామిల్‌లోనే ఉందా, డెంటిన్‌లోకి దిగిందా? నోట్లో చూస్తే గుంట కనబడుతోందా? చీము అంటున్నారు, పన్నుకి చల్లది పెట్టి చూశారా? పాత ఎక్స్‌రేతో పోలిస్తే పెరిగిందా? ఈ చివరి ప్రశ్నకి జవాబు దొరకాలంటే పాతది మన దగ్గర ఉండాలి. తీసిన ప్రతి ఆర్‌వీజీనీ, ఓపీజీనీ గీతలు లేని అసలు ఫైలుగానే ఫోన్‌కి పంపించమని క్లినిక్‌లో అడిగి తీసుకోండి. వాట్సాప్‌లో ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపమనండి, లేకపోతే బొమ్మ నాణ్యత పడిపోతుంది.